కొత్త త్రీ ఫేజ్ మీటర్ బిగించారా? ఒక్కో ఫేజ్ విడిగా చూడండి

కొత్త త్రీ ఫేజ్ మీటర్ డిస్‌ప్లే వెలిగి అంకెలు కదులుతుంటే చాలామంది పని అయిపోయిందనుకుని స్క్రూ డ్రైవర్లు సర్దేస్తారు. వోల్టేజ్ వస్తోంది, ఆంప్స్ వస్తున్నాయి, యూనిట్లు తిరుగుతున్నాయి, ఇంకేం కావాలి అంటారు. నాకు మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది. మిగతా వైరింగ్‌లో తప్పు జరిగితే ఏదో ఒకటి చెబుతుంది: ఫ్యూజ్ పోతుంది, మోటార్ వెనక్కి తిరుగుతుంది, బ్రేకర్ పడుతుంది. మీటర్ వైరింగ్‌లో తప్పుంటే ఏ చప్పుడూ ఉండదు. తప్పు లెక్క నెలల తరబడి పేరుకుంటూ పోతుంది. ఆ లెక్కను నమ్ముకునే ఎంత కెపాసిటర్ పెట్టాలి, ఇంకో మెషీన్ తేవచ్చా, ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందా అని అందరం నిర్ణయాలు తీసుకుంటాం.

ఈమధ్య నేను చూసే వర్క్‌షాప్‌లో మెయిన్ ప్యానెల్‌కి కొత్త చెక్ మీటర్ (బిల్లుకి కాదు, లోపలి లెక్కలకి వాడేది) పెట్టారు. మూడు ఫేజులు, న్యూట్రల్, అంటే నాలుగు వైర్ల సప్లై. బస్‌బార్ల (కరెంట్ మోసే లోహపు పట్టీల) మీద 200/5 సీటీలు మూడు. సీటీ అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, ఇక్కడ 200 ఆంప్స్‌ని 5 ఆంప్స్‌కి తగ్గించి మీటర్‌కి ఇస్తుంది. బిగించినవాళ్లు డిస్‌ప్లే వెలగడం చూపించి వెళ్లిపోయారు. రీడింగులు సరిచూసి రిజిస్టర్‌లో ఎక్కించాల్సింది నేను, నాతో పనిచేసే కుర్రాడు.

లోడ్ ఎక్కించకముందే ఒక ఫోటో తీసుకున్నాం. కొత్త మీటర్ సున్నా దగ్గరే మొదలవుతుందని లేదు. ఫ్యాక్టరీలో టెస్ట్ చేసినప్పుడు కొంచెం తిరిగి ఉంటుంది. మాదాంట్లో 3.6 యూనిట్లు ఉంది. సీరియల్ నంబర్, తేదీ, సమయం, ఆ 3.6 ఒకే ఫోటోలో పడేలా చూశాను. మీటర్ లోపలి గడియారం అసలు సమయంతో సరిపోతోందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. డిమాండ్ (ఒక నిర్ణీత వ్యవధిలో సగటున పడిన లోడ్) లెక్కలన్నీ ఆ గడియారం మీదే నడుస్తాయి.

తర్వాత వోల్టేజ్. మూడు ఫేజుల్ని ఆర్, వై, బి అంటాం. ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య ఆర్ 238, వై 236, బి 239 వోల్టులు. ఫేజ్‌కి ఫేజ్‌కి మధ్య 411, 411, 413. మల్టీమీటర్‌తో టెర్మినళ్ల దగ్గర కొలిస్తే ఒకటి రెండు వోల్టుల తేడాతో అవే వచ్చాయి. ఇక్కడ నేను తప్పకుండా చూసేది ఈ రెండు రకాల అంకెల మధ్య పొత్తు. ఫేజ్ వోల్టేజ్‌ని 1.732తో గుణిస్తే లైన్ వోల్టేజ్ (ఫేజ్‌కి ఫేజ్‌కి మధ్యది) రావాలి. 238ని గుణిస్తే 412 వస్తుంది, సరిపోయింది. లైన్ వోల్టేజీలు మూడూ దగ్గర దగ్గరగా ఉండి, న్యూట్రల్‌కి కొలిచినవి మాత్రం ఒకటి 210, ఇంకొకటి 255 అని చూపిస్తే, మీటర్ సంగతి పక్కనపెట్టి ముందు న్యూట్రల్ ఎక్కడ వదులైందో వెతకాలి. మెషీన్లు కాలిపోయేది అలాంటప్పుడే.

ఫేజ్ సీక్వెన్స్ (మూడు ఫేజులు వచ్చే వరస) కూడా ఒక పేజీలో చూపిస్తుంది. మాది 1-2-3 అని సరిగానే ఉంది. వోల్టేజ్ వైర్లూ వాటి సీటీలూ కలిసే తారుమారైతే యూనిట్లకు తేడా రాదు. ఏ ఫేజ్ వోల్టేజ్‌కి ఆ ఫేజ్ కరెంట్ జత కుదిరితే చాలు, కిలోవాట్ లెక్క సరిగానే వస్తుంది. కానీ రియాక్టివ్ (పని చేయకుండా అటూఇటూ తిరిగే పవర్) లెక్కలో కొన్ని మీటర్లు ల్యాగ్‌ని (కరెంట్ వోల్టేజ్ కన్నా వెనకబడటం) లీడ్‌గా (ముందుండటం) చూపిస్తాయి. అది చూసి, ల్యాగ్‌ని తగ్గించడానికి ఉన్న కెపాసిటర్లు తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు.

ఆ తర్వాత మెషీన్లు ఒక్కొక్కటే ఆన్ చేయించాను. కంప్రెసర్, లేత్‌లు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. ఎక్కువ భాగం మోటార్ లోడే. లోడ్ నిలకడగా ఉండేలా చూసుకోవడం ముఖ్యం, మనం ఒక అంకె రాసుకునేలోపు ఇంకో అంకె మారిపోతే ఏదీ పోల్చలేం. కెపాసిటర్ ప్యానెల్ ఆఫ్‌లో పెట్టించాను. అవి ఆన్‌లో ఉంటే పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంప్స్ గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) ఒకటికి దగ్గరగా వెళ్లి, ఒక్కోసారి లీడ్‌లోకి దాటి, తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టమవుతుంది.

డిస్‌ప్లే మీద ఆర్ 42, వై 40, బి 41 ఆంప్స్. వైర్ చుట్టూ పట్టించి ఆంప్స్ కొలిచే క్లాంప్ మీటర్‌తో కేబుల్స్ దగ్గర చూశాం. ఒక్కో కోర్‌ని విడిగా క్లాంప్‌లో పెట్టాలి. మొత్తం కేబుల్‌ని కలిపి పట్టుకుంటే మూడు ఫేజులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నాకి దగ్గరగా చూపిస్తుంది. మా క్లాంప్ మీద 42.4, 39.7, 41.3 వచ్చాయి. మామూలు క్లాంప్‌కి రెండు శాతం అటూఇటూ తేడా ఉండటం సహజం కాబట్టి అర ఆంప్ తేడాను పట్టించుకోనక్కర్లేదు. వేగాన్ని మార్చే డ్రైవ్‌లున్న చోట మాత్రం ట్రూ ఆర్ఎంఎస్ క్లాంప్ కావాలి. చవక రకం క్లాంప్ వంకర తిరిగిన వేవ్‌ఫార్మ్‌ని తక్కువగా చూపిస్తుంది, పాపం మీటర్‌ని అనుమానిస్తాం.

ఆంప్స్ సరిపోయాయంటే సీటీ రేషియో సెట్టింగ్ సరిగ్గా ఉందని అర్థం. మీటర్‌లో 100/5 అని పెట్టి బస్‌బార్ మీద 200/5 సీటీ ఉంటే ప్రతి రీడింగూ సగమే వస్తుంది. మూడు ఫేజుల్లోనూ ఒకేలా తగ్గుతుంది కాబట్టి క్లాంప్ పెట్టి చూస్తే తప్ప ఎవరికీ అనుమానం రాదు.

ఇక మెయిన్ పేజీ. మొత్తం పవర్ ఫ్యాక్టర్ 0.84. మోటార్ లోడ్‌కి, కెపాసిటర్లు లేకుండా, అది నమ్మదగ్గ అంకే. మొత్తం పవర్ 8.70 కిలోవాట్లు.

"అక్కా, వోల్టేజ్ బాగుంది, ఆంప్స్ క్లాంప్‌తో కలిశాయి, పీఎఫ్ కూడా కరెక్ట్‌గానే ఉంది. రాసేసుకుందామా?" అన్నాడు కుర్రాడు.

"రాసుకో. రాసుకున్నాక ఆ మూడూ గుణించి చూడు" అన్నాను.

సగటున 237.7 వోల్టులు, 41 ఆంప్స్, మూడు ఫేజులు. గుణించి వెయ్యితో భాగిస్తే 29.2 కేవీఏ. దాన్ని 0.84తో గుణిస్తే 24.5 కిలోవాట్లు. మీటర్ చూపించేది 8.70. అతను ఫోన్‌లో మళ్లీ లెక్క వేసుకున్నాడు. మారలేదు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఈ టపా రాయడానికి కారణమే ఇది. 8.70 అనే అంకెను విడిగా చూస్తే అందులో తప్పేం కనిపించదు. వర్క్‌షాప్‌కి ఎన్ని కిలోవాట్లు పడుతుందో ఎవరికీ నోటికి రాదు. వోల్టేజ్ ఎంత ఉండాలో తెలుసు, ఆంప్స్ క్లాంప్‌తో చూస్తాం, పవర్ ఫ్యాక్టర్ ఒక అంచనాకి తెలుసు. కిలోవాట్ దగ్గరికి వచ్చేసరికి మీటర్ ఏం చెబితే అదే. పైగా 24.5లో 8.70 దాదాపు మూడో వంతు. త్రీ ఫేజ్‌లో పవర్ మూడో వంతుకి పడిపోయిందంటే నేను మొదట అనుమానించేది తిరగబడిన సీటీనే. రెండు ఫేజులు కలుపుతుంటే మూడోది తీసేస్తోంది. రెండు మైనస్ ఒకటి, మిగిలేది ఒకటి.

బటన్ నొక్కుతూ ఫేజ్ వారీ పేజీకి వెళ్లాం. ఆర్ 8.40. వై 7.93. బి 8.23. మూడూ బాగానే ఉన్నాయే అన్నాడు. దగ్గరికి వచ్చి చూడమన్నాను. 7.93 ముందు, డిస్‌ప్లే అంచుకి ఆనుకుని సన్నటి అడ్డగీత ఉంది. ప్యానెల్ తలుపు గాజు మీద పడే లైటు వెలుగులో అది ఉందా లేదా అన్నట్టుంది. అది మైనస్. 8.40కి 8.23 కలిపి 7.93 తీసేస్తే సరిగ్గా 8.70.

మరి మొత్తం పవర్ ఫ్యాక్టర్ 0.84 అని ఎలా చూపించింది? దీని జవాబు మీటర్ కేవీఏని ఎలా లెక్కిస్తుందన్న దాంట్లో ఉంది. కొన్ని మీటర్లు ఒక్కో ఫేజ్ కేవీఏని విడిగా లెక్కించి కూడతాయి. అలాంటి మీటరైతే 8.70ని 29.2తో భాగించి 0.30 అని చూపించేది, ఎవరైనా ఉలిక్కిపడేవాళ్లు. మా మీటర్ మొత్తం కిలోవాట్లని, మొత్తం కేవీఏఆర్‌ని (రియాక్టివ్ పవర్‌ని) తీసుకుని వాటి నుంచి కేవీఏ తేలుస్తుంది. సీటీ తిరగబడితే ఆ ఫేజ్ కిలోవాటూ మైనస్సే, కేవీఏఆర్ కూడా మైనస్సే. రెండూ మూడో వంతుకి పడిపోయాయి కాబట్టి వాటి నిష్పత్తి మారలేదు, 0.84 అలాగే నిలిచింది. మొత్తాలు చూపే పేజీ ఒకటే చూసి సంతకం పెట్టకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. ఆ పేజీలో ఉన్నవన్నీ ఒకదానికొకటి పొంతన కుదిరే అంకెల్లానే కనిపిస్తాయి.

ఇంకో సంగతి. కొన్ని మీటర్లు దిశను పట్టించుకోకుండా మూడు ఫేజుల్నీ ప్లస్‌గానే కూడేలా సెట్ చేసి ఉంటాయి. అక్కడ సీటీ తిరగబడినా యూనిట్లు సరిగానే తిరుగుతాయి. అలా ఉందని వదిలేయడం నాకు ఇష్టం ఉండదు. రేపు ఆ మీటర్ మార్చి వేరేది పెడితే ఆ రోజు నుంచి లెక్క తప్పుతుంది, అప్పుడు తప్పంతా కొత్త మీటర్ మీద పడుతుంది.

మెషీన్లు ఆపే సమయం వరకు ఆగి, సప్లై ఆపించి, బస్‌బార్ మీద వోల్టేజ్ లేదని కొలిచి చూసుకున్నాకే ప్యానెల్ లోపల చెయ్యి పెట్టాం. వై ఫేజ్ సీటీని టార్చ్ వేసి చూస్తే విషయం తెలిసిపోయింది. సీటీ ఒంటి మీద ఒకవైపు పి1, రెండోవైపు పి2 అని అచ్చు వేసి ఉంటుంది. పి1 సప్లై వచ్చే వైపు ఉండాలి, పి2 లోడ్ వైపు. ఆర్, బి సీటీలకి పి1 పైకి, అంటే సప్లై వైపు ఉంది. వైది కిందికి ఉంది. సీటీ నుంచి మీటర్‌కి వెళ్లే సెకండరీ వైర్లు ఎస్1, ఎస్2 మాత్రం ఫెర్రూల్ (వైర్ చివర ఉండే గుర్తు తొడుగు) నంబర్లతో సహా చక్కగా కలిపారు. వైర్ల వరకు చూసినవాళ్లకి తప్పు దొరకదు.

ఎస్1, ఎస్2 వైర్లు అటూఇటూ మార్చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది కదా అని కుర్రాడు అడిగాడు. మార్చొచ్చు, రీడింగ్ సరైపోతుంది. నేను ఒప్పుకోలేదు. సీటీ సెకండరీల ఒక వైపు మూడూ కలిపి ఎర్త్ చేసి ఉంటాయి. ఒక్కదాన్ని తిప్పితే ఆ ఎర్త్ లింక్‌ని కూడా జాగ్రత్తగా మార్చుకోవాలి, లేకపోతే సీటీ అక్కడే షార్ట్ అయి ఆ ఫేజ్ కరెంట్ మీటర్‌కి రాదు. అంతకన్నా పెద్ద కారణం, రెండేళ్ల తర్వాత వచ్చే మనిషి డ్రాయింగ్ తెరిచి, ఈ ఒక్క సీటీ వైర్లు తప్పుగా ఉన్నాయని "సరిచేస్తాడు". అందుకని బస్‌బార్ బోల్టు విప్పి సీటీనే తీసి తిప్పి పెట్టించాను. పని ఎక్కువే, గంట పట్టింది, కానీ ఇప్పుడు ప్యానెల్ డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉంది.

సీటీ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక హెచ్చరిక. లోడ్ నడుస్తుండగా సీటీ సెకండరీ వైర్‌ని ఎప్పుడూ విప్పకండి. మీటర్ మార్చాల్సి వచ్చినా ముందు టెర్మినల్ బ్లాక్‌లో షార్టింగ్ లింక్ వేయాలి. సెకండరీ తెరుచుకుంటే అక్కడ ప్రాణం తీసేంత వోల్టేజ్ పుడుతుంది, సీటీ కూడా పాడవుతుంది. మీది బిల్లింగ్ మీటరైతే దాని సీలు జోలికి అసలు వెళ్లొద్దు. డిస్‌ప్లే పేజీలు, క్లాంప్ మీటర్, లెక్కలు, ఇవి చాలు తప్పు ఉందో లేదో తేల్చడానికి. సరిచేయడం సీలు వేసినవాళ్ల పని.

మళ్లీ సప్లై ఇచ్చి అదే లోడ్ ఎక్కించాం. ఈసారి వై ఫేజ్ ముందు గీత లేదు. మొత్తం 24.5 కిలోవాట్లు. ఫేజ్ వారీ పవర్ ఫ్యాక్టర్ మూడూ 0.84 దగ్గరే.

సీటీ తిరగబడటం కంటే తికమక పెట్టే తప్పు ఇంకోటి ఉంది, సీటీ వైర్లు ఒక ఫేజ్‌వి ఇంకో ఫేజ్‌కి వెళ్లడం. మా దగ్గర అది జరగలేదు కానీ కుర్రాడికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. వై, బి కరెంట్లు మారిపోయాయనుకుందాం. 0.84 అంటే కరెంట్ వోల్టేజ్ కన్నా దాదాపు 33 డిగ్రీలు వెనక ఉన్నట్టు. ఫేజుల మధ్య 120 డిగ్రీల తేడా ఉంటుంది. వోల్టేజ్ ఒక ఫేజ్‌ది, కరెంట్ ఇంకో ఫేజ్‌ది అయితే ఆ కోణం మొత్తం మారిపోతుంది. లెక్క వేస్తే ఆర్ ఫేజ్‌లో 0.84 అలాగే ఉంటుంది, వై ఫేజ్‌లో మైనస్ 0.89, బి ఫేజ్‌లో 0.05 వస్తాయి. మూడూ కూడితే సున్నా! మూడు ఫేజుల్లోనూ నలభై ఆంప్స్ లోడ్ నడుస్తుంటే మీటర్ కిలోవాట్ దాదాపు సున్నా చూపిస్తుంది. మోటార్ లోడ్ మీద ఒక ఫేజ్‌కి 0.05 లాంటి పవర్ ఫ్యాక్టర్ కనిపిస్తే సీటీ వైర్లు ఏ ఫేజ్ నుంచి ఏ ఫేజ్‌కి వెళ్లాయో వెతకడం మొదలుపెట్టాలి.

దాన్ని తేల్చడానికి నాకు నచ్చిన పద్ధతి హీటర్. మిగతా లోడ్ అంతా ఆపి, రెండు కిలోవాట్ల హీటర్‌ని ఒక్క ఫేజ్ మీద పెట్టాలి. ఆ ఒక్క ఫేజ్‌లోనే ఎనిమిదిన్నర ఆంప్స్ దాకా రావాలి, పవర్ ఫ్యాక్టర్ 1 ఉండాలి, పవర్ ప్లస్‌లో ఉండాలి. తర్వాత దాన్నే రెండో ఫేజ్‌కి, మూడో ఫేజ్‌కి మార్చి చూడాలి. హీటర్‌కి ల్యాగ్, లీడ్ గొడవ లేదు కాబట్టి అనుమానానికి తావుండదు. ఈ టెస్ట్‌తో ఏ వైర్ ఎక్కడికి వెళ్లిందో తెలుస్తుంది గానీ మీటర్ ఎంత కచ్చితమో తేల్చలేం. 200 ఆంప్స్ సీటీకి ఎనిమిదిన్నర ఆంప్స్ అంటే నాలుగు శాతం చిల్లర. క్లాస్ 1 సీటీకి పూర్తి లోడ్ దగ్గర ఒక శాతం తేడా వరకు అనుమతి, ఐదు శాతం లోడ్ దగ్గర మూడు శాతం తేడా వరకు అనుమతి. అంతకన్నా తక్కువలో అది ఏ హామీ ఇవ్వదు.

నాలుగు వైర్ల సప్లైకి మూడు సీటీలెందుకు, రెండు చాలవా అని కూడా అడిగాడు. ఫ్రెంచ్ ఇంజనీర్ ఆండ్రే బ్లాండెల్ 1893లోనే దీనికి నియమం చెప్పాడు: ఎన్ని వైర్లుంటే అంతకు ఒకటి తక్కువ వాట్ మీటర్లు కావాలి. మూడు వైర్లకి రెండు, నాలుగు వైర్లకి మూడు. న్యూట్రల్ ఉన్న చోట రెండిటితో సరిపెడితే అన్‌బ్యాలెన్స్ వచ్చినప్పుడల్లా లెక్క తప్పే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు డిస్‌ప్లే మీద 24.5 ఉంది. కానీ యూనిట్లు కూడా అదే వేగంతో పెరుగుతున్నాయా? దీనికి మీటర్ ముందు మిణుకుమిణుకుమనే ఎర్ర ఎల్ఈడీ ఉంది. దాని పక్కనే యూనిట్‌కి 3200 పల్సులు అని రాసి ఉంది. మా మీటర్‌లో ఆ పల్సులు సీటీ సెకండరీ వైపు లెక్క, కాబట్టి వచ్చినదాన్ని 40తో, అంటే 200ని 5తో భాగించిన దాంతో గుణించాలి. ఇది మీటర్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూసుకోవాలి. కుర్రాడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాడు, నేను పల్సులు లెక్కపెట్టాను. మొదటి మిణుకుని సున్నాగా తీసుకోవాలి, ఒకటిగా కాదు. ఇరవై పల్సులకి 36.7 సెకన్లు పట్టింది. 3600ని 20తో గుణించి, 3200 ఇంటు 36.7తో భాగిస్తే 0.613 కిలోవాట్లు. దాన్ని 40తో గుణిస్తే 24.5. డిస్‌ప్లేతో కలిసింది. ఇలా కలిసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంకెందులోనూ ఉండదు. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే అంకె దగ్గర కలుసుకున్నాం కదా.

ఆఖరున కెపాసిటర్ ప్యానెల్‌లో 10 కేవీఏఆర్ స్టెప్ ఒకటి ఆన్ చేయించాను. కరెంట్ 41 నుంచి 35 ఆంప్స్‌కి దిగింది, పవర్ ఫ్యాక్టర్ 0.97కి ఎక్కింది, కేవీఏఆర్ 16 దగ్గర నుంచి 6కి తగ్గింది, కిలోవాట్ మాత్రం 24.5 దగ్గర కదలలేదు. మీటర్ యాక్టివ్, రియాక్టివ్ పవర్లను సరిగ్గా వేరు చేస్తోందనడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు.

రిజిస్టర్‌లో రాసేటప్పుడు ఎంఎఫ్ (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్, రీడింగ్‌ని గుణించాల్సిన అంకె) దగ్గర జాగ్రత్తగా ఉన్నాం. మీటర్‌లో 200/5 సెట్ చేసి ఉంది కాబట్టి డిస్‌ప్లే మీద వచ్చేవి అసలు యూనిట్లే, గుణించాల్సిన ఎంఎఫ్ 1. పాత మీటర్ సెకండరీ యూనిట్లే చూపించేది, అందుకని రిజిస్టర్‌లో ఆ కాలమ్‌లో 40 అని అచ్చయి ఉంది. అది కొట్టేసి 1 అని రాసి, పక్కన సంతకం, తేదీ పెట్టి, అదే విషయం ప్యానెల్ తలుపు లోపల స్టిక్కర్ మీద కూడా రాయించాను. రీడింగ్ తీసే మనిషి మారినప్పుడు పాత అలవాటుతో 40తో గుణిస్తే వచ్చే అంకెని చూసి మెషీన్లన్నీ ఆపి వెతికే పరిస్థితి వస్తుంది.

సీటీ తిరగబడి ఉన్న ఆ కొద్దిసేపు తిరిగిన యూనిట్లను వేరుగా రాశాం. మాది లోపలి లెక్కలకి వాడే మీటర్ కాబట్టి మాక్సిమమ్ డిమాండ్‌ని రీసెట్ చేశాం, మెషీన్లన్నీ కలిపి ఆన్ చేసి చేసిన టెస్టులు నెల డిమాండ్‌గా మిగిలిపోకూడదని. మొదటి వారం రోజూ ఒకే సమయానికి ఫేజ్ వారీ పేజీ ఫోటో తీసి పంపమని కుర్రాడికి చెప్పాను. మొత్తం యూనిట్ల పేజీ అక్కర్లేదు, ఆ మూడు ఫేజుల కిలోవాట్లు, వాటి ముందు గీత ఉందో లేదో కనిపిస్తే చాలన్నాను.